బడి భాషను బట్టి ఇల్లు: నెల్లూరు, ఒంగోలులో ఎక్కడ ఉండాలో తేల్చుకునే పద్ధతి

బెంగళూరు నుంచో డల్లాస్ నుంచో నెల్లూరు తిరిగొస్తున్నవాళ్లు తరచూ అడుగుతున్నారు: "పాపకు తెలుగు పట్టుబడాలి, ఉన్న ఇంగ్లిషు పోకూడదు. ఇల్లు ఎక్కడ తీసుకోమంటారు?" పొదిలి, కనిగిరి వైపు నుంచి ఒంగోలు మారాలనుకునేవాళ్లది ఇంకో ప్రశ్న: "బాబు ఇంగ్లిషులో చదివి అర్థం చేసుకోవాలి. ఏ బడి దగ్గర చేరితే మంచిది?" కొందరు ఉర్దూ గురించి, ఇంకొందరు హిందీ గురించి అడుగుతున్నారు.

అందరికీ చెప్పే వరస ఒక్కటే. ముందు భాషల గంటలు, తర్వాత బడి, ఆ తర్వాత దారి, అన్నిటికంటే చివర ఇల్లు. మనవాళ్లు ఎక్కువగా ముందు ఫ్లాటు చూసి అడ్వాన్సు ఇచ్చేస్తారు. ఆ వీధికి వ్యాను వచ్చే బడి ఏదో తర్వాత వెతుక్కుంటారు. తేడా అక్కడే కొడుతుంది.

1. ఏ భాష ఎన్ని గంటలు వినబడాలో రాసుకోండి

ఒక భాషలో మునిగి చదవడమంటే ఆ భాషకు టైంటేబుల్లో ఒక పీరియడ్ ఉండటం కాదు. లెక్కలు, సైన్సు, ఆటలు, భోజనం బెల్లు, ఆయమ్మ కేకలు కూడా ఆ భాషలోనే సాగాలి. బయటినుంచి వచ్చిన పిల్లకు రోజుకో తెలుగు పీరియడ్ పెడితే అక్షరాలు వస్తాయి. పక్కింటి అవ్వ అడిగినదానికి జవాబు చెప్పడం మాత్రం రాదు.

ఒక కాగితం మీద పిల్ల మెలకువగా ఉండే గంటలన్నీ రాయండి: బడి, వ్యాను, ఇల్లు, వీధి, ట్యూషన్, ఫోను. ఒక్కోదాని పక్కన ఇప్పుడు వినబడే భాష, మీకు కావలసిన భాష రాయండి. రెండూ ఎక్కడ కలవలేదో అదే మీరు నింపాల్సిన ఖాళీ. దీనికి నేను పాటించే సూత్రం చిన్నది: బడిలో గట్టిగా దొరికే భాషను ఇంటి దగ్గర వెతకక్కర్లేదు, బడిలో దొరకని భాష వీధిలో దొరకాలి.

ఇంకో సంగతి. ఆటల్లో, అంగట్లో వాడే మాటలు ఏడాది రెండేళ్లలో వచ్చేస్తాయి. పాఠం చదివి, కారణం ఆలోచించి, సొంతంగా జవాబు రాసే భాషకు సాధారణంగా 5 నుంచి 7 ఏళ్లు పడుతుందని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ పరిశీలనల్లో తేలింది. అంటే ఇల్లు చూసేటప్పుడే కనీసం ఐదేళ్లు అక్కడ ఉండగలమా అని ఆలోచించాలి. అయిదో తరగతితో ఆగిపోయే బడి పక్కన ఇల్లు తీసుకుంటే, ఆరులో ఎక్కడికి పోతారో కూడా ఇప్పుడే రాసుకోండి.

2. మన దగ్గర ఏ రకం బడులున్నాయి

ప్రైవేటు ఇంగ్లిషు మీడియం బడులు, స్టేట్ సిలబస్ అయినా సీబీఎస్ఈ అయినా, రెండు ఊళ్లలోనూ ఎక్కువే. వీటిలో పుస్తకం ఇంగ్లిషు, వివరణ తెలుగు అన్నది మామూలు సంగతి. అది తప్పని నేను అనను. అయితే ఫీజు కట్టేది ఇంగ్లిషు వాతావరణం కోసమే అయితే, అది ఉందో లేదో మీరే తేల్చుకోవాలి.

ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషు ఉండే పుస్తకాలు 2020-21 నుంచి వాడకంలోకి వచ్చాయి. తిరిగొచ్చిన ఎన్నారై పిల్లలకు ఈ పుస్తకాలు బంగారం లాంటివి. బడి ఏదైనా సరే, ఒక సెట్టు ఇంట్లో పెట్టుకోండి.

కేంద్రీయ విద్యాలయాలు నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఉన్నాయి. హిందీ, ఇంగ్లిషు రెండూ వినబడాలంటే ఇవే దారి. బదిలీ ఉద్యోగాలవాళ్లకు ఇవి అచ్చంగా సరిపోతాయి. సీట్లు కూడా ముందు బదిలీలుండే కేంద్ర ఉద్యోగుల పిల్లలకే పోతాయి. కాబట్టి ఊళ్లో వ్యాపారం చేసుకునేవాళ్లు దీన్నొక్కటే నమ్ముకోకూడదు. తెలుగు నేర్పే ఏర్పాటు ఆ ఏడాది ఉందో లేదో విడిగా అడగండి.

కేంద్ర ప్రభుత్వం నడిపే నవోదయ విద్యాలయం ఆరో తరగతి నుంచి మొదలవుతుంది, అక్కడే ఉండి చదవాలి. తొమ్మిదిలో కొంతమందిని హిందీ రాష్ట్రాల నవోదయకు పంపుతారు, అక్కడివాళ్లు ఇక్కడికి వస్తారు. ఉర్దూ మీడియం కావాలంటే బడి పేరులో ఉర్దూ ఉందని ఆగిపోకండి. పై తరగతుల్లో సైన్సు, లెక్కలు ఉర్దూలో చెప్పే టీచర్లు ఉన్నారా అని అడగండి.

3. ఇంట్లో కూర్చుని చేయాల్సిన కాగితాల పరిశీలన

ప్రతి బడికీ యూడైస్ కోడు అని 11 అంకెల గుర్తింపు నంబరు ఉంటుంది. కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ సైటులో బడి పేరుతోనో కోడుతోనో వెతికితే రిపోర్టు కార్డు వస్తుంది. అందులో మీడియం, తరగతుల వారీగా పిల్లల సంఖ్య, టీచర్ల సంఖ్య ఉంటాయి. సీబీఎస్ఈ బడి అయితే తన వివరాలు, గుర్తింపు పత్రాలు సొంత వెబ్‌సైటులో అందరికీ కనబడేలా పెట్టి తీరాలి.

చూడాల్సినవి:
- బోర్డు మీద రాసిన మీడియం, రిపోర్టు కార్డులో ఉన్న మీడియం ఒకటేనా
- గుర్తింపు ఎన్నో తరగతి వరకు ఉంది. "సీబీఎస్ఈ పద్ధతి" అనే మాటకూ సీబీఎస్ఈ గుర్తింపుకూ సంబంధం లేదు
- ఒకటో తరగతిలో ఉన్నంతమంది అయిదులో ఉన్నారా, సగానికి పడిపోయారా
- మీకు కావలసిన భాషకు టీచరు పోస్టు నిండి ఉందా, ఖాళీగా ఉందా. ఇది కార్డులో తెలియకపోతే బడికి పోయి అడగాలి

ఈ మెట్టు దాటాక చేతిలో మూడు నాలుగు బడులకు మించి ఉండకూడదు.

4. బడికి పోయి చెవులు పెట్టి వినండి

అసలు పని ఇక్కడ. ఆఫీసు రూములో కూర్చోబెట్టి చూపించే రంగుల పుస్తకం పక్కన పెట్టండి. ఇంటర్వెల్ బెల్లు కొట్టే వేళకు పోయి, అనుమతి తీసుకుని వరండాలో నిలబడండి. పిల్లలు క్యూలో కొట్లాడుకునే భాష, టీచరు టీచరుతో మాట్లాడే భాష, వ్యాను డ్రైవరు పిల్లల్ని పిలిచే భాష వినండి. ఆ బడి అసలు భాష అదే.

తర్వాత మూడో తరగతి సైన్సు నోటు పుస్తకాలు రెండు మూడు అడగండి. అన్నిటిలోనూ జవాబులు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే, బోర్డు మీదిది దింపుకున్నవని అర్థం. దింపుకోవడం వల్ల చేతిరాత వస్తుంది, భాష రాదు. తప్పులతోనైనా సొంత వాక్యాలు కనబడితే ఆ బడిని జాబితాలో పైకి జరపండి.

వీలైతే నాలుగో తరగతి పిల్లను ఒక పేరా చదవమని, "ఏం అర్థమైందమ్మా, నీ మాటల్లో చెప్పు" అని అడగండి. ధారాళంగా చదివి, అర్థం అడగ్గానే టీచరు మొహం చూస్తే సంగతి తెలిసిపోయినట్టే.

అడగాల్సిన ప్రశ్నలు:
- భిన్నాలు అర్థం కాని పిల్లకు రెండోసారి ఏ భాషలో చెబుతారు?
- తెలుగు పీరియడ్లు వారానికి ఎన్ని? పరీక్షల నెలలో వాటిని లెక్కలకు ఇచ్చేస్తారా?
- అక్షరాలు రాకుండా నాలుగులో చేరిన పిల్లకు ఎవరు, ఏ వేళలో నేర్పుతారు? మొదటి ఏడాది తెలుగు పేపరు ఎలా పెడతారు?
- భాషల టీచర్లు ఎన్నేళ్లుగా ఇక్కడే ఉన్నారు?
- తల్లిదండ్రుల మీటింగు ఏ భాషలో జరుగుతుంది?

తెలుగు మాట్లాడితే ఫైను వేస్తామని గొప్పగా చెప్పే బడులున్నాయి. నా మట్టుకు నేను అక్కణ్నుంచే లేచి వచ్చేయమంటాను. నోరు తెరవడానికి భయపడే పిల్లకు ఇంగ్లిషూ రాదు. ఇంగ్లిషు నిజంగా నడిచే బడిలో ఫైను అవసరమే రాదు, టీచర్లు అదే మాట్లాడతారు, పిల్లలు అందుకుంటారు.

5. ఇంటి చిరునామా మీద ఆధారపడే నిబంధనలు

దీన్ని చాలామంది ఇల్లు మారాక తెలుసుకుంటారు. అప్పటికి చేసేది ఏమీ ఉండదు.

విద్యాహక్కు చట్టం సీట్లు: ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతి సీట్లలో 25 శాతం పేద, బలహీన వర్గాల పిల్లలకు ఉచితం. కిలోమీటరు లోపు ఉన్నవాళ్లకు ముందు, ఆ తర్వాత మూడు కిలోమీటర్ల లోపు వాళ్లకు అవకాశం. ఈ దారిలో పోయేవాళ్లు నోటిఫికేషన్ రాకముందే బడికి నడిచిపోయే దూరంలో చేరి, చిరునామా కాగితాలు మార్పించుకోవాలి.

కేంద్రీయ విద్యాలయం: ఒకటో తరగతికి మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండాలి. విద్యాహక్కు కోటా లాటరీకి జిల్లా కేంద్రాల్లో 5 కిలోమీటర్లు, మిగతా చోట్ల 8 కిలోమీటర్ల పరిధి చూస్తారు. నెల్లూరు, ఒంగోలు రెండూ జిల్లా కేంద్రాలే. ఊరి చివర వెంచర్లో ఇల్లు చూస్తుంటే ముందు ఈ దూరం కొలవండి.

నవోదయ: పిల్ల ఏ జిల్లాలో ఉండి అయిదో తరగతి చదువుతోందో ఆ జిల్లా నవోదయకే దరఖాస్తు. 75 శాతం సీట్లు పల్లె పిల్లలవి. పల్లె కోటా కావాలంటే 3, 4, 5 తరగతులు పూర్తిగా పల్లె బడుల్లోనే చదవాలి. మధ్యలో కొన్నాళ్లు పట్నం బడిలో చదివినా పట్నం కిందే లెక్క. నవోదయ ఆశ ఉన్నవాళ్లు నాలుగో తరగతిలో ఒంగోలుకు మకాం మార్చడం అంటే ఉన్న దారి మూసుకోవడమే. ఊళ్లోనే ఉండి ఆ పరీక్ష రాయించండి. రాకపోతే ఆరులో మారండి.

జిల్లా ఏదో కూడా చూసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో కందుకూరు నెల్లూరులో కలిసింది, సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాకు, చీరాల బాపట్లకు పోయాయి. తర్వాత కూడా మార్పులు వచ్చాయి. దరఖాస్తు వేసేనాటికి మీ మండలం ఏ జిల్లాలో ఉందో మీ గ్రామ, వార్డు సచివాలయంలో కనుక్కోండి.

లోకల్ ఏరియా: పిల్ల ఎనిమిదో తరగతి దాటినవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. ఇంజనీరింగ్ లాంటి కోర్సుల్లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకే. మొదటినుంచీ నెల్లూరు శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ) పరిధిలో, ఒంగోలు ఉన్న ప్రకాశం జిల్లా ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) పరిధిలో ఉన్నాయి. ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్, అంటే తొమ్మిది నుంచి లెక్క. చెన్నైలో పది చదివించి ఇంటర్‌కు నెల్లూరు వస్తే ఈ నాలుగేళ్లు నిండవు. తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో పదేళ్లు ఉన్నట్టు చూపితే మిగిలిన 15 శాతంలో పోటీ పడవచ్చు. కాబట్టి మారేదుంటే ఎనిమిది అయిపోగానే మారండి. స్టడీ సర్టిఫికెట్లు ఏ ఏడాదికా ఏడాది తీసుకుని దాచండి.

6. దారి కొలవండి

చిన్న పిల్లలకు ఒక వైపు ప్రయాణం అరగంట దాటకూడదని నా లెక్క. మ్యాపులో చూపే సమయం కాదు, బడి వేళకు మీరే బండి మీద పోయి చూసిన సమయం. వ్యాను ఇంకో పదిహేను ఇళ్ల దగ్గర ఆగుతుందని మరిచిపోకండి.

నెల్లూరులో రైలు పట్టాలకు ఏ వైపు బడి ఉందో ఆ వైపే ఇల్లు చూడండి. వాన పడితే మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్‌బ్రిడ్జిల్లో నీళ్లు నిలిచిపోతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానల కాలం, బడులు జోరుగా నడిచే కాలమూ అదే. ఎండాకాలంలో పది నిమిషాలు పట్టిన దారి నవంబరులో ఎంత పడుతుందో అక్కడి ఆటోవాళ్లను అడిగితే ఉన్నదున్నట్టు చెబుతారు.

7. వీధిని ఎంచుకోవడం

ఆదివారం సాయంత్రం అయిదింటికి పోండి. పిల్లలు క్రికెట్ ఆడుతూ ఔటా కాదా అని ఏ భాషలో వాదించుకుంటున్నారో వినండి. వాదన వినబడకపోతే, అంటే వీధిలో పిల్లలే లేకపోతే, ఇల్లు ఎంత బాగున్నా మీ పనికి రాదు.

నెల్లూరులో మూలాపేట, రంగనాయకులపేట, స్టోన్‌హౌస్‌పేట లాంటి పాత పేటల్లో గడప బయటికి అడుగు పెడితే తెలుగే. ఇంగ్లిషు గట్టిగా నడిచే బడిలో చేర్చి, ఇలాంటి చోట ఉంటే తిరిగొచ్చిన పిల్లలకు తెలుగు త్వరగా వస్తుంది. ఇళ్లు పాతవి, కారు పెట్టుకోవడానికి చోటు కష్టం. అది ఓర్చుకోవాలి. మినీ బైపాస్, ధనలక్ష్మీపురం వైపు అపార్టుమెంట్లలో సౌకర్యం ఎక్కువ, కానీ తలుపులు మూసుంటాయి. అక్కడ చేరితే కింద పిల్లలు కలిసి ఆడుకునే అపార్టుమెంటే చూడండి. ఉర్దూ వినబడాలంటే కోటమిట్ట.

ఒంగోలులో లాయర్‌పేట, భాగ్యనగర్, మంగమూరు రోడ్డు చుట్టుపక్కల బడులకు పోవడం సులువు. ఉర్దూ కోసం ఇస్లాంపేట వైపు చూడవచ్చు. ఒంగోలు వరకు ఒక ప్రశ్న అన్నిటికంటే ముందు అడగాలి: మున్సిపల్ నీళ్లు ఈ వీధికి ఎన్నాళ్లకోసారి వస్తాయి? నీళ్ల కోసం రోజూ అవస్థ పడే ఇంట్లో పిల్ల చేత కథ చదివించే ఓపిక ఎవరికీ మిగలదు.

పక్కింటివాళ్లతో మాట కలపండి. "అక్కా, ఈ వీధి పిల్లలు ఏ బడికి పోతారు? వ్యాను ఎన్నింటికి వస్తుంది?" అంటే చాలు, మిగతాది వాళ్లే చెబుతారు. నెల్లూరులో పెన్నకు దగ్గరగా చూస్తుంటే 2021 నవంబరు వరదలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడగండి. ఒంగోలులో పోతురాజు కాలువ పక్కనైతే వానాకాలం సంగతి అడగండి.

8. కొనకండి, ముందు అద్దెకు ఉండండి

బడి కుదిరిందో లేదో తేలడానికి ఒక ఏడాది పడుతుంది. అందాకా 11 నెలల అగ్రిమెంటుతో అద్దెకుండటమే మేలు. అగ్రిమెంటు మీ పేరు మీద, పూర్తి చిరునామాతో ఉండాలి. సీటు దరఖాస్తుకు, ఆధార్ మార్పుకు అది పనికొస్తుంది.

- జనవరి, ఫిబ్రవరి: గంటల కాగితం, బడుల జాబితా, యూడైస్ పరిశీలన
- ఫిబ్రవరి, మార్చి: బడులు నడుస్తుండగా పోయి చూడటం. ఏప్రిల్ చివరికి సెలవులిచ్చేస్తారు, ఖాళీ బడిలో వినడానికి ఏమీ ఉండదు
- మార్చి, ఏప్రిల్: సీటు ఖాయం, తర్వాతే ఇంటి అడ్వాన్సు. చిరునామా కావలసిన కోటాలకు మాత్రం ఇల్లే ముందు
- మే: మకాం. జూన్ రెండో వారంలో బడులు తెరిచేలోపు పిల్లకు వీధిలో ఇద్దరు స్నేహితులు కుదరాలి

9. పాత బడి నుంచి తెచ్చుకోవాల్సినవి

- టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, మార్కుల కార్డు
- పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్. టీసీతో కలిపి మూడింటిలోనూ పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో చూసుకోండి
- పెన్ నంబరు (యూడైస్‌లో పిల్లకు ఉండే శాశ్వత నంబరు), అపార్ ఐడీ (దేశమంతటా చెల్లే విద్యార్థి గుర్తింపు నంబరు)

టీసీ చేతికి రావడంతో పని అయిపోయిందనుకోకండి. పాత బడి యూడైస్‌లో పిల్ల పేరును తమ జాబితా నుంచి వదిలితేనే కొత్త బడి తీసుకోగలుగుతుంది. ఫీజు బాకీ ఉందనో క్లర్కు సెలవులో ఉన్నాడనో ఇది నెలలు సాగుతుంది. పాత ఊళ్లో ఉండగానే దగ్గరుండి చేయించండి.

10. ఎక్కువగా జరిగే తప్పులు, దిద్దుబాట్లు

పిల్ల బడిలో నోరు విప్పడం లేదని నెలకే బడి మార్చేయడం. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్ని నెలలు వినడంతోనే సరిపెడతారు. చెప్పిన పని చేస్తోందా, ఇంట్లో కొత్త మాటలు గొణుగుతోందా చూడండి. చేస్తుంటే టెన్షన్ పడకండి. మొదటి టర్ము అయ్యాక కూడా బడికి పోనని ఏడుస్తుంటే అప్పుడు టీచరుతో కూర్చోండి.

ఇంట్లో రాని భాష బలవంతంగా మాట్లాడటం. బడిలో ఇంగ్లిషు ఉంటే ఇంట్లో మీకు బాగా వచ్చిన తెలుగే మాట్లాడండి. అమ్మానాన్నల తప్పుల ఇంగ్లిషు వల్ల రెండూ పాడవుతాయి.

సాయంత్రాలన్నీ ట్యూషన్‌కు ఇచ్చేయడం. తెలుగు కోసమే పాత పేటలో ఇల్లు తీసుకుని, అయిదు నుంచి ఎనిమిది దాకా ట్యూషన్లో కూర్చోబెడితే వీధికి మిగిలేది ఏమిటి? వారంలో మూడు రోజులు తీసేయండి.

తెలిసినవాళ్ల పిల్ల చదువుతోందని అదే బడి, అదే వీధి చూసుకోవడం. వాళ్ల ఇంట్లో తెలుగు ముందే ఉంది, మీ పాపకు లేదు. వాళ్లకు పనికొచ్చింది మీకు పనికి రాకపోవచ్చు.

ఇల్లు తప్పు చోట పడిందని తేలితే బడిని కదిలించకండి, ఇంటినే కదిలించండి. అగ్రిమెంటు ముగిసేది ఎలాగూ మార్చి, ఏప్రిల్‌లోనే. ఫిబ్రవరిలో ఆ గంటల కాగితం మళ్లీ తీసి, వీధి పక్కన నిజంగా ఎన్ని గంటలు పడ్డాయో రాయండి. సున్నా ఉంటే ఇంటి ఓనరుకు నెల ముందు నోటీసు ఇచ్చి, బడికి దగ్గరగా, పిల్లలున్న వీధిలో టులెట్ బోర్డులు వెతకడం మొదలుపెట్టండి.